విమానపు కిటికీ ప్రక్కన

(వేసవి సెలవులకు పూర్వము అరక్కోణమున జరిగిన మన సంఘ సమావేశములో చేసిన ఉపన్యాస పాఠము)



వేసవి సెలవులు దగ్గరపడినవి. ఏ యింట విన్నను ప్రయాణముల మాటయే. కొందరు హైదరాబాదునకు, కొందరు విశాఖపట్టణమునకు, మరికొందరు కూతురో కొడుకో కాపురమున్న దేశాంతరములకు పోవుచున్నారు. వెనుకటివలె రైలు టిక్కెట్టు కొఱకు తెల్లవారుజామున వరుసలో నిలుచువారు తగ్గిరి. పిల్లలే ఫోనులో విమానపు టిక్కెట్లు కొని పెద్దలకు చూపుచున్నారు. కార్యవర్గమువారు మమ్ము ఏదేని మాటలాడుడని కోరినప్పుడు సభ్యత్వపు రుసుముల బాకీని గూర్చి మాటలాడుదుమా యని మొదట తలచితిమి. దానిని గూర్చి ప్రతి సభలోను మాటలాడుచునే యున్నాము, ఫలమును మీరెరుగుదురు. కావున నేడు విమానపు కిటికీని గూర్చి నాలుగు మాటలు చెప్పదలచితిమి.

విమానము మన యూరికి క్రొత్త కాదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున ఇచ్చట వేసిన విమానపు దారి చాలకాలము పాడుపడియుండి, పిమ్మట నౌకాదళమువారి చేతికి వచ్చినది. 1992 మార్చి 11వ తేదిన ఐ.ఎన్.ఎస్. రాజాళి యను పేర అది నౌకాదళ విమానస్థావరముగా ప్రారంభమయ్యెను. నాలుగు కిలోమీటర్లకు మించిన ఆ రన్‌వే దేశములోని మిక్కిలి పొడవైనవానిలో నొకటి. రష్యాలో చేసిన టు-142 అను పెద్ద విమానములు పాతికేండ్లు మన యిండ్ల కప్పులు అదరునట్లు ఎగిరినవి. ఆ ధ్వని విని నిద్రలేచిన బిడ్డలు ఈ సభలో నేడు తలిదండ్రులై కూర్చుండియున్నారు. 2017 మార్చిలో వానికి విశ్రాంతి యిచ్చిరి. ఇప్పుడు పి-8ఐ విమానములు సముద్రమును కాపలా కాయుచున్నవి.

ఇచ్చట ఒక ముచ్చట చెప్పవలెను. రాజాళి యనగా తమిళమున డేగజాతి పక్షి. విశాఖపట్టణమున 1991లో ప్రారంభమైన నౌకాదళ విమానస్థావరమునకు ఐ.ఎన్.ఎస్. డేగ యని పేరు. అది మన తెలుగు మాట. ఒకే జాతి పక్షి ఇక్కడ తమిళమునను, అక్కడ తెలుగునను పిలువబడుచున్నది. రెండు పేర్లును పుట్టుకనుండి తెలిసిన మనవంటివారికి ఇందు కలుగు సంతోషము, ఒక్కటే తెలిసినవారికి కలుగదు.

మన యూరి దారిమీదుగా సామాన్య ప్రయాణికులు సయితము ఎగిరిన దినములు కొన్ని కలవు. 2015 డిసెంబరు 1వ తేదిన చెన్నపట్టణము వానలో మునిగినది. చెంబరంబాక్కము చెరువునుండి సెకనుకు సుమారు 29,000 ఘనపుటడుగుల నీరు వదలిరి. అడయారు పొంగి విమానాశ్రయమును ముంచినది. ఆ విమానాశ్రయపు రెండవ రన్‌వే అడయారుమీద కట్టిన వంతెనపై సాగునదియే గదా! 6వ తేదివరకు అచ్చట ప్రయాణికుల విమానము లేవీ లేవలేదు. ఆ నడుమ రాజాళి స్థావరమునుండి హైదరాబాదు మొదలగు నగరములకు విమానములు నడపిరి. చెన్నపట్టణములో చిక్కుకొన్న ప్రయాణికులు బస్సులలో మన యూరికి వచ్చి విమానము ఎక్కిరి. ఆ ఘడియలో కిటికీనుండి క్రిందికి చూచినవారికి చెరువులు వేరుగా, పొలములు వేరుగా కనబడియుండవు. అంతయు ఒకే నీటిపలకగా నుండియుండును.

ఆ కొద్దిదినముల ముచ్చట తీరిపోయినది. నేడు మనము విమానమెక్కవలెనన్న డెబ్బది కిలోమీటర్లు రైలులో చెన్నపట్టణము పోయి, అచ్చటినుండి మీనంబాక్కము చేరి, రెండు గంటలు ముందుగా క్యూలో నిలువవలెను. బెంగుళూరు విమానమైనచో పైకి లేచిన కొద్ది నిమిషములకే కుడిప్రక్కన మన రైలు జంక్షను నాలుగుదారులును, రాజాళి రన్‌వే పొడుగాటి గీతయు అగపడును. ఇల్లు విడిచి నాలుగైదు గంటలు శ్రమపడి, మరల మన యింటి యెదుటికే వచ్చితిమన్నమాట! అప్పుడు ఫోను తీసి ఫోటోకు ఎత్తవలదు. రక్షణశాఖ విమానాశ్రయములను ఫోటో తీయుట నిషిద్ధము. చూచుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు.

ఇక కిటికీ మాట. బిడ్డలు తరచుగా అడుగుదురు, విమానపు కిటికీకి మూలలు ఏల లేవని. 1954లో కామెట్ అను ఇంగ్లండు జెట్ విమానములు రెండు ఆకాశముననే పగిలి మధ్యధరాసముద్రమున పడిపోయినవి. విమానము పైకి పోయినపుడెల్ల లోపలి గాలి దాని గోడలను వెలికి నెట్టును. క్రిందికి దిగినపుడు ఆ బిగువు వదలును. వేయిసార్లు వంచి విప్పిన తీగ తెగునట్లు, కోసిన రంధ్రముల మూలలవద్ద లోహము అలసి బీటవారినదని పరీక్షలలో తేలినది. పిమ్మట కట్టిన జెట్ విమానములందు కిటికీలకు గుండ్రని మూలలే పెట్టుచు వచ్చిరి. అద్దములో క్రిందుగా నుండు సూదిబెజ్జము పొరపాటున పడినది కాదు. అద్దముల పొరల నడుమ గాలి యొత్తిడిని సరిచేయుటకును, ఆవిరి పట్టకుండుటకును దానిని ఉంచిరి. దానిని వ్రేలితో పొడుచుచు కూర్చున్న పెద్దమనుష్యులను సయితము చూచితిమి.

కిటికీ సీటునకు కొన్ని కంపెనీలు వేరుగా రుసుము తీసికొనును. వర్తకులము కావున ఆ రుసుము మాకు మొదట కంటగింపైనది. గాలికి, వెలుతురునకు ఇంటిలో ఎవరైన అద్దె యిత్తురా? కాని ఇంతకు ముందు పోయిన ప్రయాణములో రుసుమిచ్చి కొన్న ఆ సీటులో కూర్చున్న ఒక పడుచువాడు తెర దించి, చెవులలో తీగలు పెట్టి, ఫోనులో సినిమా చూచుచు హైదరాబాదు చేరినాడు. వాడు మన వీధి పిల్లవాడే, పేరు చెప్పము. ఆ సినిమాను వాడు అరక్కోణములోనే చూడవచ్చును. కిటికీ వెలుపల నున్నది అరక్కోణములో చూడ దొరకదు.

ఏమి యున్నదందురా? మొట్టమొదట చెరువులు. చెన్నపట్టణమునుండి పడమటగా లేచినపుడు చెంబరంబాక్కము కనబడును. సముద్రమువైపు లేచినచో పళ్ళికరణై చిత్తడినేల, దానిలోనికి చొచ్చుకొనిపోయిన యిండ్లు కనబడును. తరువాత మన తొండమండలమంతయు అద్దపు ముక్కలు చల్లినట్లుండును. చెరువును గుర్తించుట సులభము. ప్రకృతి చేసిన మడుగునకు అంచులన్నియు ఒక్క తీరుగా వంకరలుండును. మనుష్యుడు కట్టిన చెరువునకు ఒక ప్రక్క మాత్రము విల్లువలె చక్కగా గీచిన గట్టుండును. తక్కిన ప్రక్కలు నేల యెత్తుపల్లములను బట్టి చిందరవందరగా పోవును. గట్టునకు క్రిందిప్రక్క పచ్చగా నుండినచో ఆయకట్టు బ్రతికియున్నదని యర్థము. పల్లవరాజు మూడవ నందివర్మ కాలము నాటిదని చెప్పు కావేరిపాక్కము చెరువు, బెంగుళూరు త్రోవలో, వానలు బాగుగా కురిసిన సంవత్సరమున చిన్న సముద్రమువలె తోచును. దాని గట్టును నేలమీద నిలిచి ఎవరును ఒక చూపున చూడలేరు. పైనుండి ఒక చూపున చూడవచ్చును.

కొన్నిచోట్ల ఆయకట్టులో పచ్చదనమునకు మారుగా ఎఱ్ఱమట్టిలో తెల్లని రాళ్ళు చదరంగపు గళ్ళవలె పాతియుండును. అవి ఇంటి స్థలములు. మనలో పలువురు వానిని కొనియున్నాము, అమ్మియు నున్నాము. ఈ సభలో ఆ మాటను ఇంతకంటె సాగదీసినచో విందునకు ముందే కొందరు లేచిపోవుదురు. అయినను కొనబోవు స్థలము చెరువు గట్టునకు ఏ ప్రక్కన నున్నదో పత్రములలో కంటె విమానపు కిటికీలో తేటగా తెలియునని మాత్రము చెప్పుదుము.

హైదరాబాదునకు పోవువారు ఎడమప్రక్క కిటికీని కోరుకొనుడు. తిరిగి వచ్చునపుడు కుడిప్రక్కను. దీనికి కారణము కలదు. పటము తీసి చెన్నపట్టణమునుండి శంషాబాదునకు తిన్నగా గీత గీచి చూడుడు. ఆ గీతకు ఎడమప్రక్కన మొదట పూండి జలాశయము వచ్చును. కుశస్థలి నదిపై 1944లో కట్టి ముగించిన ఆ జలాశయమునకు సత్యమూర్తిగారి పేరు పెట్టిరి. దాని వెనుక నగరి కొండలు. వానిలో ఒకటి కొనదేలి ముక్కువలె నిలిచియుండును. ఇంగ్లీషువారు దానిని నగరి ముక్కు అనిరి. సుమారు 2,800 అడుగుల యెత్తుగల ఆ శిఖరమును వెనుకటి నావికులు సముద్రమునుండి చూచి పులికాటు, చెన్నపట్టణముల తీరము దగ్గరపడినదని గుర్తించెడివారు. పులికాటు సరస్సునకు తెలుగువారు ప్రళయకావేరి యని పెట్టుకొన్న పేరు ఎంత గంభీరము! అది కుడిప్రక్క కిటికీవారి భాగ్యము. నగరి దాటగానే తిరుమల కొండలు. ఇంతవరకు కొద్ది నిమిషములే.

ఆ తరువాత ముఖ్యమైన సంగతి. అదే గీతమీదనో, దానికి ఎడమగనో వరుసగా కండలేరు, సోమశిల, వెలుగోడు, శ్రీశైలము జలాశయములు వచ్చును. ఇది తెలుగుగంగ దారి. 1983 ఏప్రిలు 18వ తేదిన నందమూరి తారక రామారావుగారును, ఎం.జి. రామచంద్రన్‌గారును ఒడంబడికపై సంతకములు చేసిరి. మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశములు తమ కృష్ణానీటి వాటానుండి తలకు 5 టి.ఎం.సి.ల చొప్పున 15 టి.ఎం.సి.లు విడిచినవి. దారిలో ఇంకిపోవు 3 పోగా 12 టి.ఎం.సి.లు సరిహద్దున అప్పగింపవలెనని యేర్పాటు. శ్రీశైలము వెనుకటి నీటినుండి పోతిరెడ్డిపాడు వద్ద బయలుదేరి, వెలుగోడు మీదుగా సోమశిలకు, అచ్చటినుండి కండలేరునకు, కండలేరునుండి నూట యేబది కిలోమీటర్ల కాలువలో ఊత్తుకోట యొద్ద సరిహద్దునకు, అచ్చటినుండి పూండికి ఆ నీరు వచ్చును. 1996లో మొదటిసారి పూండికి చేరినది. తరువాతి కాలమున శ్రీ సత్యసాయి ట్రస్టువారు కాలువను బాగుచేయించిరి. నీరు ఏ దారిని దక్షిణమునకు దిగివచ్చుచున్నదో ఆ దారినే విమానము ఉత్తరమునకు ఎక్కిపోవుచున్నది. నీటికి దినములు పట్టు దారి విమానమునకు ఒక గంటపై కొంచెము. గాలిని బట్టి, అధికారుల యాజ్ఞను బట్టి విమానము కొంత అటునిటు తొలగిపోవచ్చును గాని, మబ్బు లేని దినమున ఈ నాలుగింటిలో రెండైన కనబడక మానవు.

ఒకమారు మా వెంట మన వీధికి చెందిన ఒక పెద్దామె వచ్చినది. డెబ్బదియేండ్లు దాటినది, అదే మొదటి విమానప్రయాణము. మనుమడు కిటికీ ప్రక్క, ఆమె నడుమ. నల్లమల కొండల నడుమ నీరు వంకలు తిరిగి మెరయుట చూచి ఆ పిల్లవాడు, "అవ్వా, అది ఏ ఏరి?" అనెను. ఏరి యనునది తమిళమున చెరువు. మన బిడ్డలకు ఆ మాటయే ముందు నోటికి వచ్చును, అది సహజము. ఆమె మెడ చాచి చూచి, "ఏరి కాదు నాయనా, అది కృష్ణమ్మ. ఆ ఆనకట్ట పక్కన మల్లన్న గుడి. మీ తాత నేను బస్సులో రెండు రాత్రులు పోతిమి" అని చేతులు జోడించినది. ఆనకట్ట ఆమెకు నిజముగా కనబడెనో, మనసులో కనబడెనో మేము చెప్పజాలము. పిల్లవాడు తెర దింపలేదు. శంషాబాదువరకు, "ఇదేమి? అదేమి?" అని అడుగుచునే యుండెను. ఆమెకు తెలిసినవానికి ఆమె బదులు చెప్పినది. తెలియనివానికి ఆమెయు చూచుచు కూర్చున్నది.

పైనుండి చూచినచో సరిహద్దులు కనబడవు, అంతయు ఒక్కటియే యని పలువురు చెప్పుచుందురు. అది మాకు సగమే సమ్మతము. 1960 ఏప్రిలు 1వ తేదిన పటాస్కరుగారి తీర్పును అనుసరించి తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి మద్రాసు రాష్ట్రమునకు వచ్చినది; సత్యవేడు ప్రాంతము ఆంధ్రలో చేరినది. తిరుత్తణిలో మన తాతల తరమువారు ఒక రాష్ట్రమున పండుకొని వేఱొక రాష్ట్రమున లేచిరి. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణగారు 1888లో పుట్టిన తిరుత్తణి యదియే. ఆ గీత కిటికీలో కనబడదు, నిజమే. కాని ఆ గీతకు ఇవతల తెలుగు మాటలాడు ఇండ్లు ఏవియో కూడ కిటికీలో కనబడవు. కొండ కనబడును, చెరువు కనబడును, రైలుదారి కనబడును. భాష మాత్రము కనబడదు. ముప్పది వేల అడుగుల యెత్తునుండి చూచినచో మనము ఉన్నామో లేమో తెలియదు. ప్రక్కన కూర్చున్నవారు నోరు విప్పి చెప్పిననే ఆ నీరు కృష్ణమ్మ యగును. చెప్పకున్నచో అది ఉట్టి నీరు.

హైదరాబాదున దిగునపుడు నేల రూపమే మారిపోవును. బండమీద బండ పేర్చినట్లున్న గుట్టలు, వాని నడుమ చెరువులు. 2008 మార్చివరకు బేగంపేటలో దిగువారికి హుస్సేనుసాగరము దగ్గరగా కనబడెడిది. ఇప్పుడు శంషాబాదున దిగువారికి, అదృష్టముండినచో, హిమాయతుసాగరము కనబడును. 1908 సెప్టెంబరులో మూసీ పొంగి నగరమును ముంచిన పిమ్మట, అట్టి యాపద మరల రాకుండుటకై ఉస్మానుసాగరమును, దానిని కట్టిరి. వరద వచ్చిన తరువాత చెరువులు కట్టిన ఊరొకటి, చెరువులు పూడ్చిన తరువాత వరద వచ్చిన ఊరొకటి. ఒకే ప్రయాణములో రెండును చూడవచ్చును.

దిగిన తరువాత జరుగునది మీ యందరికి అనుభవమే. టాక్సీవాడు మన మాట విని, "మీది తమిళనాడా అండీ?" అనును. ఇక్కడ అరక్కోణము మార్కెటులో నలుబది యేండ్లుగా ఎరిగినవారే, "నీంగ తెలుంగా?" అందురు. రెండుచోట్లను మనము వచ్చినవారమే! మన పూర్వులు ఈ సీమకు ఎన్ని తరములకు ముందు వచ్చిరో లెక్క చెప్పగలవారు మనలో అరుదు. అయినను సెలవులకు పోవుటను "ఊరికి పోవుట" అందుము. తిరిగి వచ్చుటను "ఊరికి వచ్చుట" అందుము. ఈ రెండు ఊళ్ళలో ఏది ఊరు? తిరుగు ప్రయాణమున రాత్రివేళ విమానము దిగుచుండగా చెన్నపట్టణపు దీపములు సముద్రపుటంచున ఒక్కసారిగా తెగిపోవుట చూచినపుడు, "వచ్చేసినాము" అని బిడ్డలు అందురు. ఆ మాటలో అలసటయు నుండును, సంతోషమును నుండును. పోవునప్పుడు ఆ ఎఱ్ఱనేలయు, ఆ బండగుట్టలును చూచి అవ్వ చేతులు జోడించుటయు నిజమే. ఈ రెంటిలో ఒకదానిని కోరుకొనుమని ఎవరును మనలను అడుగుటకు హక్కులేదని మా అభిప్రాయము. తమిళము మనకు అన్నము పెట్టుచున్న భాష. దానిని మనము బాగుగా నేర్చితిమి, నేర్పించుచున్నాము.

విశాఖకు పోవువారు కూడ ఎడమనే కూర్చుండవలెను. విమానము చాలవరకు సముద్రముమీద పోవును. ఎడమప్రక్క దూరముగా తీరము కనబడును. కృష్ణా, గోదావరులు సముద్రమున కలియుచోట్ల నీలిరంగునడుమ బురదరంగు విసనకఱ్ఱవలె విచ్చుకొనియుండును; వానకాలమున మరింత స్పష్టము. విశాఖ దగ్గర సముద్రములోనికి చొచ్చుకొనివచ్చిన కొండను డాల్ఫిన్ ముక్కు అందురు. దక్షిణమున నగరి ముక్కు, ఉత్తరమున ఈ ముక్కు; రెండును ఓడలవారికి గుర్తులే. ఆంధ్రదేశపు తీరమునకు రెండు ముక్కులేమని ఒక బాలిక మమ్ము అడిగినది. బదులు తోచలేదు.

అచ్చట సముద్రతీరమున కురుసుర యను జలాంతర్గామి నౌకను 2002నుండి ప్రదర్శనశాలగా నుంచిరి. దానికి ఎదురుగా పెద్ద విమానమొకటి యుండును. పోయి దాని ప్రక్కన నిలువుడు. అది మన టు-142. 2017 ఏప్రిలులో అరక్కోణమునుండి చివరిసారి ఎగిరి విశాఖకు పోయి, ఆ సంవత్సరమే డిసెంబరులో ప్రదర్శనశాలగా మారినది. ఇక్కడ మన తలలపై పాతికేండ్లు తిరిగినదానిని అక్కడ టిక్కెట్టు కొని లోపలికి పోయి చూడవచ్చును. మన బిడ్డలు, "ఇది మా యూరి విమానము" అని గట్టిగా చెప్పవలెను. తెలుగులో చెప్పవలెను.

విమానమెక్కని కుటుంబములు మనలో సగమునకు పైగా నున్నవి. వారికి చెప్పవలసినది వేరుగా లేదు. రైలు కిటికీ యున్నది. 1856 జూలై 1వ తేదిన రాయపురమునుండి వాలాజాకు పోయిన, దక్షిణదేశపు మొదటి ప్రయాణికుల రైలు మన యూరిమీదుగనే పోయెను. ఇచ్చటినుండి రేణిగుంట బండి యెక్కుడు. తిరుత్తణి కొండపై మురుగన్ గుడి, పొన్‌పాడి, ఆపైన సరిహద్దు. దాటగానే వచ్చు చిన్న స్టేషను పేరు వెంకటనరసింహరాజువారిపేట. ఇంగ్లీషున దానికి 28 అక్షరములు పట్టును. దేశములోని మిక్కిలి పొడుగు స్టేషను పేర్లలో నొకటి యని పత్రికలు వ్రాయును. మన లిపిలో పదమూడే అక్షరములు. బండి ఆ స్టేషను దాటిపోవులోగా ఆ బోర్డును తెలుగులో చదివి ముగింపగల బిడ్డలు మన సంఘములో ఎందరు? విమానమునుండి ఆ బోర్డు కనబడదు. అది రైలువారికే దక్కిన సొత్తు.

ఈ ప్రశ్న ఊరక వేసినది కాదు. 2006 నాటి తమిళ విద్యా చట్టమును అనుసరించి పదవ తరగతివరకు అన్ని పాఠశాలలలోను తమిళము తప్పనిసరి పాఠ్యభాష యైనది. తెలుగు ఇష్టమున్నవారు అదనముగా చదువుకొను భాష. అదనము అనునది ఏ యింటిలోనైనను మొదట కోతపడు పద్దు అని వర్తకులకు వేరుగా చెప్పనక్కరలేదు. పెద్దసంఘములవారు కోర్టులలోను, ప్రభుత్వము నెదుటను పోరాడుచున్నారు. వారికి మన మద్దతు ఎన్నడును కలదు. ఐతే తీర్పు వచ్చువరకు బిడ్డల వయస్సు నిలిచియుండదు. మన సంఘమువారు ఆదివారము నడుపు తెలుగు తరగతికి ఈ సంవత్సరము వచ్చుచున్న బిడ్డలను మేము లెక్కించితిమి. ఆ సంఖ్యను ఇచ్చట చెప్పుటకు మనసొప్పదు.

కావున కార్యవర్గమువారి సమ్మతితో ఒక యేర్పాటు చేయుచున్నాము. ఈ సెలవులలో ప్రయాణము చేయు ప్రతి బిడ్డయు, విమానమైనను, రైలైనను, బస్సైనను, కిటికీలో తాను చూచినదానిని గూర్చి పది పంక్తులు తెలుగున వ్రాసి తీసికొనిరావలెను. పోవునప్పుడు ఐదు, వచ్చునప్పుడు ఐదు. తప్పులున్నను చింతలేదు. తలిదండ్రులు వ్రాసి బిడ్డచేత సంతకము చేయించినచో చేవ్రాతను బట్టి మాకు తెలిసిపోవును. లిపి రానివారు అవ్వకో తాతకో చెప్పి, వారిచేత వ్రాయించి, అందు చివర తమ పేరు మాత్రము తమ చేతితో తెలుగున వ్రాయవలెను. గుడియాత్తము, వేలూరు వారు బెంగుళూరు త్రోవలో పోయినచో పాలారు ఇసుకను గూర్చి వ్రాయుడు. 2021 నవంబరులో అదే పాలారు ఒడ్లు ఒరసి పారుట చూచిన బిడ్డలున్నచో దానిని కూడ చేర్చుడు.

కాగితమునకు ఒక ప్రక్కన మాత్రమే వ్రాసి, బిడ్డ పేరు, తరగతి, ఊరు తెలిపి, జూన్ నెల రెండవ ఆదివారములోపల సంఘపు కార్యాలయమున ఇయ్యవలెను. వచ్చినవానినన్నిటిని వారమునకు రెండేసి చొప్పున ఈ పత్రికలో ప్రకటింతుము. స్థలము చాలకున్నచో మా దుకాణపు ప్రకటనను ఆ వారము తీసివేయుమని సంపాదకులకు ఇదివరకే చెప్పితిమి.